గ్రాంటుకు పనికొచ్చే బిడ్డ

చిట్టితల్లీ,

నీకింకా రెండేళ్లు నిండలేదు కాబట్టి ఈ ఉత్తరం చదవలేవు. ఎవరైనా చదివి వినిపించినా లాభం తక్కువే. నేను రాస్తున్నది తెలుగు, మీ అమ్మ నీకు జోల పాడేది కువిలో. దిగులుపడకు. నీ పేరు మీద నేను పంపించిన ప్రతిపాదన ఇంగ్లీషులో ఉంది. అది మీ ఊరి పెద్దలకూ అర్థం కాదు. ఆ ఒక్క విషయంలో నువ్వూ మీ సర్పంచీ సమానం.

నేను గ్రాంటు ప్రతిపాదనలు రాసి బతికేవాణ్ణి. నీ బతుకు బాగుచేస్తానని రాసి నా బతుకు బాగుచేసుకున్నవాణ్ణి అన్నా తప్పులేదు. పసిపిల్లల ఆరోగ్యం, చదువు, కుటుంబానికి ఆసరా అనే మూడు మాటల్ని ఒకే పేజీలో ఇరికించి పంపితే ఏ కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విభాగమూ కాదనదు. పసిపిల్లలంటే ఎవరికి చేదు? సిమెంటు కంపెనీ వార్షిక నివేదిక అట్ట మీద సిమెంటు బస్తా వేస్తే ఏం బాగుంటుంది? బోసినవ్వు కావాలి. ఆ నవ్వు కోసమే మొన్న పాడేరు దాటి, కొండెక్కి, మీ అంగన్‌వాడీకి వచ్చాను. నిన్ను తూచగా చూశాను, నీ జబ్బ కొలవగా చూశాను, నీ కార్డు చూశాను. చూశాక నిజం చెప్పక తప్పదనిపించింది. నువ్వు గ్రాంటుకు పనికొచ్చే బిడ్డవి కాదు. ఏడవకు. లోపాలేమిటో చెబుతాను, దిద్దుకుందువుగాని.

అన్నిటికంటే పెద్ద లోపం, నీకు రోజూ ఆకలేస్తుంది.

నిన్న తిన్నావు కదా, ఇవాళ మళ్లీ ఏమిటి అని దాత అడిగితే నేనేం చెప్పను? గ్రాంటుకు మొదలుంటుంది, చివరుంటుంది, మధ్యలో రిబ్బను కత్తిరింపు ఉంటుంది. నీ ఆకలికి ఈ మూడూ లేవు. డబ్బు లేదని మాత్రం అనుకోకు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను పుణ్యమా అని, ఏటా 5 కోట్ల లాభమో 1,000 కోట్ల టర్నోవరో 500 కోట్ల నికర ఆస్తో ఉన్న ప్రతి కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. దేశమంతా కలిపితే ఏటా 30 వేల కోట్లకు అటూ ఇటూ. కాకపోతే ఆ సొమ్ముకు ఏప్రిల్ 1న పుట్టి మార్చి 31న ప్రాణం విడిచే గుణం ఉంది. ఖర్చు కానిదాన్ని ‘కొనసాగే ప్రాజెక్టు’ పేరిట వేరే ఖాతాలో ఉంచుకోవచ్చు గానీ, మొదలుపెట్టిన ఏడాది పోను దానికీ మూడేళ్లే ఆయుష్షు. నువ్వేమో కడుపులో పడ్డ నాటి నుంచి ఆరేళ్లు నిండేదాకా తింటూనే ఉంటానంటావు. ఫిబ్రవరిలో ఆకలేస్తే మహా బాగుంటుంది, ఆ నెలలో కంపెనీలు ఖర్చు కోసం టార్చిలైటు వేసి వెతుకుతుంటాయి. జూన్‌లో ఆకలేస్తే మాత్రం, తల్లీ, బోర్డు మీటింగు అయ్యేదాకా ఓపికపట్టాలి.

గుడ్డు అడుగుతావని తెలుసు. గుడ్డుతో ఎంత ఇబ్బందో నీకు తెలీదు. దాని మీద కంపెనీ ముద్ర వేయించినా తొక్క తీయగానే అది చెత్తలోకి పోతుంది. గుడ్డుకు ప్రారంభోత్సవం చేయలేం. తిన్న గంటకు ఆనవాలుండదు. ఆడిటరు వచ్చి గుడ్డేదని అడిగితే నిన్ను చూపించాలి, నువ్వేమో గుడ్డంత బరువైనా పెరిగి ఉండవు. అదే నీళ్లు శుద్ధిచేసే యంత్రమైతే గోడకు బిగిస్తాం, నుదుట దాత పేరుంటుంది, యంత్రం చెడిపోయాక కూడా పేరు చెడదు. టీవీ అయితే ఇంకా మేలు. సక్షమ్ అంగన్‌వాడీ అని కేంద్రమే రెండు లక్షల కేంద్రాలకు ఎల్‌ఈడీ తెరలు, నీటి శుద్ధి యంత్రాలు ఇస్తానంటోంది కాబట్టి మేమూ అదే దారిన పోతున్నాం. ఏడాది లోపు బిడ్డకు తెర అసలు చూపొద్దని, రెండేళ్ల వాళ్లకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ ఊళ్లో ఆ సలహా అక్షరాలా అమలవుతుంది, భయంలేదు. కరెంటు ఉండదు.

ఎరుపు పసుపు పచ్చ రంగుల టేపుతో నీ జబ్బ కొలిచారు కదా, అక్కడ నువ్వు నన్ను నిలువునా ముంచావు. పదకొండున్నర సెంటీమీటర్లకు తక్కువుంటే ఎరుపు. పన్నెండున్నర దాటితే పచ్చ. నువ్వు ఆ రెంటికీ మధ్యన పసుపులో నిలబడ్డావు. ఎరుపులో ఉంటే నీది ‘ముందు’ ఫొటో, ఆర్నెల్లకు పచ్చలోకి వస్తే ‘తర్వాత’ ఫొటో. రెండూ పక్కపక్కన వేస్తే చూసిన వాళ్ల కళ్లు చెమరుస్తాయి, చెక్కు కూడా కదులుతుంది. నువ్వు పోయినేడూ పసుపే, ఈ ఏడూ పసుపే. చావవు, బలియవు. పసుపు బిడ్డ మీద విజయగాథ రాయగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

నీ ఎత్తూ అంతే. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు వాళ్లలో 31.2 శాతమని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. పక్కన తెలంగాణలో 33.1. ఇది పెద్ద విషాదమే, కానీ ఫొటోలో కనపడదు. మూడేళ్ల బిడ్డ రెండేళ్ల బిడ్డంత ఉంటే చూసేవాళ్లకు ముద్దొస్తుంది, అంతే. రక్తహీనత ఇంకా అన్యాయం. అదే సర్వేలో మన దగ్గర 63.2 శాతం పిల్లలకు, తెలంగాణలో 70 శాతం పిల్లలకు ఉందని తేలింది. వందలో అరవై మందికి పైగా పాలిపోయి ఉంటే అదే ఊరి రంగనుకుంటారు గానీ జబ్బనుకుంటారా? ఎవరికీ లేని జబ్బేదైనా తెచ్చుకుని ఉంటే మీ ఊరికి ఓ డాక్యుమెంటరీ అయినా దక్కేది.

ఇక ప్రభుత్వం వారి సంగతి. 2017లో కేంద్రం కూర్చుని లెక్కగట్టి, ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు బిడ్డకు రోజు తిండికి 8 రూపాయలని ఖరారు చేసింది. తీవ్రంగా చిక్కిపోయిన బిడ్డకు 12. అంటే చిక్కిపోతే నాలుగు రూపాయల ప్రోత్సాహకం. మన రాష్ట్రంలో ఆ ఎనిమిదిలో సగమే కేంద్రానిది. నీ పోషణ కోసం ఢిల్లీ నుంచి రోజూ బయల్దేరేది 4 రూపాయలు. మా ఆఫీసు కిందున్న టీ కొట్టులో నాలుగు రూపాయలిస్తే ఖాళీ గ్లాసు కూడా ఇవ్వడు. రాష్ట్రం తన డబ్బు పైన వేసి గుడ్లూ పాలూ ఇస్తోంది, అది కాదనను. ఆ ఎనిమిదిని ‘తగిన విధంగా’ పెంచుతామని 2025 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి సెలవిచ్చారు. పెంచుతామని చెప్పడానికే ఏడేళ్లకు పైగా పట్టింది. ఆ ధర ఖరారైన ఏడు పుట్టిన పిల్లలు ఆ ప్రసంగం నాటికి రెండో తరగతి పుస్తకాలు మోస్తున్నారు. వాళ్లకిక అంగన్‌వాడీ తిండితో పనిలేదు కాబట్టి ఆ మేరకు సమస్య తనంతట తనే పరిష్కారమైంది.

ఎనిమిది రూపాయలు ఎంత పెద్ద మొత్తమో నీకు తెలియాలంటే మా వైపు లెక్క ఒకటి చెప్పాలి. పెద్ద కంపెనీలు కోటి దాటిన ప్రాజెక్టులకు బయటివాళ్ల చేత ప్రభావ మదింపు చేయించాలి. అంటే నీకు మేలు జరిగిందో లేదో కారులో వచ్చి కనుక్కోవడం. దానికి ఆ ఏటి సామాజిక బాధ్యత ఖర్చులో 2 శాతమో 50 లక్షలో, ఏది ఎక్కువైతే అంతదాకా ఖాతాలో చూపుకోవచ్చు. మొదట ‘ఏది తక్కువైతే అది’ అని ఉండేది, 2022లో ‘ఏది ఎక్కువైతే అది’ అని దిద్దారు. ఒక మాట మార్చారు, మా వృత్తికి నాలుగు తరాల అన్నం పెట్టారు. యాభై లక్షల్ని నీ ఎనిమిదితో భాగించి చూశాను, ఊరికే తోచక. 6,25,000 భోజనాలు వచ్చాయి. ఏడాదికి 300 రోజుల చొప్పున రెండు వేల మందికి పైగా పిల్లల ఏడాది తిండి. ఆ లెక్కను వెంటనే కొట్టేశాను. అలాంటివి కాగితం మీద ఉండకూడదు.

మీ ఊళ్లో అమ్మలు కొందరు నా దగ్గరికొచ్చారు. తల్లుల కమిటీ అట. చోళ్లు మావే, రాజ్మా మా కొండమీద పండిందే, కట్టెలు ఉన్నాయి, వంతులవారీగా వండి పిల్లలకు సాయంత్రం పూట కూడా పెడతాం, నూనెకూ బెల్లానికీ ఇంత ఇప్పించండి బాబూ అన్నారు. వేళ్ల మీద లెక్కేసి అంకె చెప్పారు. ఆ అంకె వింటే నవ్వొచ్చింది. అంత చిన్న మొత్తానికి ప్రతిపాదన రాస్తే నా ఫీజు దానికంటే ఎక్కువవుతుంది.

అయినా మర్యాదగా అడిగాను. అమ్మా, మీకు 12ఏ రిజిస్ట్రేషను ఉందా? 80జి ఉందా? కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 ఫారం నింపారా? ఇలాంటి పని మూడేళ్లు చేసినట్టు రుజువుందా? మూడేళ్ల నుంచి కాదు, మా అమ్మమ్మల నాటి నుంచి పిల్లలకు వండిపెడుతున్నాం అంది ఒకావిడ. రసీదులున్నాయా అన్నాను. లేవంది. 2021 నుంచి నియమాలు ఇవి, తల్లీ. సమాజానికి ఇచ్చే గ్రాంటు అందుకోవాలంటే ముందు సమాజం ట్రస్టో సొసైటీయో లాభాపేక్ష లేని కంపెనీయో అయి పుట్టాలి. విదేశీ డబ్బయితే ఆ దారీ లేదు. 2020 చట్ట సవరణ ప్రకారం బయటి చందా పుచ్చుకున్న పెద్ద సంస్థ అందులోంచి చిన్న సంఘానికి ఒక్క రూపాయి బదిలీ చేయకూడదు. డబ్బు మొదట దిగాల్సింది కూడా న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే. మీ ఊరికి దగ్గర బ్యాంకే కొండదిగి వెళ్లే దూరం. ఢిల్లీ ఎటువైపని ఆ అమ్మల్ని అడిగితే ఒకావిడ పైకి చూపించింది.

1953లో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, చిన్న చిన్న మహిళా సంఘాలకు ప్రభుత్వ గ్రాంటు ఇప్పించే పని మొదలుపెట్టారు. ఆవిడ ఇవాళ వచ్చి మీ ఊరి అమ్మలకు ఏమైనా ఇప్పిద్దామనుకుంటే, నేనే ఆవిణ్ణి మొదట సీఎస్ఆర్-1 నంబరు అడిగేవాణ్ణి.

ఇంకో సంగతి, మీరు పుట్టిన చోటు కూడా తప్పే. కంపెనీ తన కార్యకలాపాలున్న చుట్టుపక్కల ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది. విశాఖపట్నంలో ఉక్కుంది, నౌకాశ్రయముంది, మందుల ఫ్యాక్టరీలున్నాయి. వాటి పొగ ఎంత దూరం వెళ్తుందో సామాజిక బాధ్యత కూడా దాదాపు అంత దూరమే వెళ్తుంది. మీ కొండకు గాలి మరీ శుభ్రం. పొగ రాదు, గ్రాంటూ రాదు. దేశంలో వెనకబడిన జిల్లాలని 2018లో ఏరిన జాబితాలో అప్పటి విశాఖపట్నం జిల్లా ఉన్నది మీ కొండల పుణ్యమే. పేదరికం మీది, ప్రాజెక్టు ఆఫీసు ఎయిర్‌పోర్టు దగ్గర.

చదువు సంగతికొస్తే, మీ అంగన్‌వాడీ గోడల మీద బొమ్మలు మేమే వేయించాం. ఉద్యోగుల స్వచ్ఛంద సేవా దినం అని ఓ శనివారం నాడు నలభై మంది ఒకే రంగు టీషర్టులేసుకుని బస్సులో వచ్చి వేశారు. జిరాఫీ ఉంది, పెంగ్విన్ ఉంది, ఇంగ్లీషు ‘ఏ’ పక్కన యాపిల్ ఉంది. మీ ఊళ్లో ఉన్న పనస లేదు, చింత లేదు, జీలుగు చెట్టు మరీ లేదు. అది కల్లుకు సంబంధించింది కాబట్టి మా బ్రాండు నియమాలు ఒప్పుకోవు. చిన్నపిల్లలకు ఇంటి భాషలో చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది కదా అని మీ టీచరమ్మ గుర్తుచేసింది. కువి పాటలు రికార్డు చేయించడానికి డబ్బడిగింది. ఇంగ్లీషు రైముల పెన్‌డ్రైవు మా దగ్గర సిద్ధంగా ఉంది, అది దేశమంతటికీ ఒకటే. ఒక్కో కొండకు ఒక్కో భాషంటే మాకు కుదరదు. దాతలకు ‘విస్తరించదగిన నమూనా’ కావాలి. నీ నోట్లోని భాష విస్తరించదగినది కాదు.

కుటుంబానికి ఆసరా అని రాశాను కదా, అది మీ అమ్మ కోసం. ఆవిడకు మేమొక శిక్షణ పెట్టాం. బిడ్డతో రోజూ అరగంట ఆడండి, పళ్లెంలో అయిదు రంగులుండేలా చూడండి, గర్భిణిగా ఉన్నప్పుడు పగలు రెండు గంటలు పడుకోండి అని తెర మీద చూపించాం. ఆవిడ శ్రద్ధగా వింది. ఆ రోజు కూలి పోయిందని చివర్లో చెప్పింది, మేమేమో దాన్ని అభిప్రాయ సేకరణ పత్రంలో ‘ఇతరములు’ కింద రాసుకున్నాం. మీ అమ్మ నిజంగా ఇంటిపట్టున ఉండి నీకు పాలివ్వాలంటే చేతిలో డబ్బుండాలి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి తల్లికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృవందన పథకం తొలి కాన్పుకు 5,000 అంది. చట్టం కంటే పథకం వెయ్యి రూపాయలు పొదుపరి. తర్వాత దయతలచి, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 అన్నారు. మగపిల్లాడైతే ఏమీ లేదు. కాబట్టి మీ అమ్మకు పురుటి బలహీనత వస్తుందో రాదో పుట్టే బిడ్డను బట్టి ఉంటుంది. నీకో తమ్ముడు పుడితే ఆవిడ మర్నాడే పసుపు చేలోకి వెళ్లగల దిట్ట అయిపోతుందన్నమాట.

అలా వెళ్తే నిన్నెవరు చూస్తారన్నది మేం రాయం. పని జరిగే చోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే చాలు, వాళ్లను చూసుకోడానికి ఒకావిడను కూలిచ్చి కూర్చోబెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాసిపెట్టారు. మీ ఊళ్లో ఆ చట్టం గురించి అడిగాను. అందరూ నవ్వారు. అంత మంచి నవ్వులు ఫొటో తీయకుండా వదిలేశానే అని ఇప్పటికీ బాధ. నువ్వు గానీ నిజంగా ఎరుపులోకి జారి జబ్బు కూడా పడితే నిన్నూ మీ అమ్మనూ పోషకాహార పునరావాస కేంద్రానికి పంపిస్తారు, రెండు వారాలు ఆస్పత్రిలో ఉండాలి. ఇంటి దగ్గర మీ అక్కకు ఎవరు వండుతారు, మేకల్ని ఎవరు తోలతారు అని మీ అమ్మ అడుగుతుంది. మేము దాన్ని ‘అవగాహనా లోపం’ అని రాస్తాం. మళ్లీ ఒక శిక్షణ పెడతాం.

ఇక మీ టీచరమ్మ. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ఈ అంగన్‌వాడీ పథకం మొదలైనప్పుడు ఆరు సేవలని చెప్పారు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆస్పత్రికి పంపడం, బడికి ముందు చదువు, తల్లులకు ఆరోగ్యబోధ. ఆరూ చేయడానికి ఒకావిడ, సాయానికి ఒక ఆయమ్మ. ఇప్పుడు ఏడోది కూడా ఉంది, ఫోన్లో ఎక్కించడం. కేంద్రానికో యాప్, రాష్ట్రానికో యాప్. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖం గుర్తింపు తప్పనిసరి. మీ అమ్మ కెమెరా ముందు నిలబడి కన్నార్పాలి, అప్పుడే ఆవిడ బతికున్న మనిషని యంత్రం నమ్ముతుంది. సిగ్నలు గుట్ట మీద వస్తుంది కాబట్టి, సరుకుల రోజున ఊళ్లో బాలింతలందరూ గుట్టెక్కి ఆకాశానికి కన్నుగీటుతుంటారు. దూరం నుంచి చూస్తే ఏదో కొత్త జాతర అనుకున్నాను.

కేంద్రం టీచరమ్మల గౌరవ వేతనాన్ని 2018 అక్టోబరులో 4,500 చేసింది. గౌరవం ఎక్కువ కాబట్టి వేతనం తక్కువ. రాష్ట్రం తన వంతు కలిపితే 11,500 అయింది. ఇది చాలదు, 26 వేలివ్వండని 2023 డిసెంబరు 12న వాళ్లు సమ్మెలోకి దిగారు. నలభై రెండు రోజులు. మధ్యలో, 2024 జనవరి 6న, ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవలట, ఆరు నెలల పాటు సమ్మె నిషేధమట. జీతమడిగిన రోజున ‘మీరు ఉద్యోగులు కాదమ్మా, స్వచ్ఛంద సేవకులు’ అంటారు. పని ఆపిన రోజున ‘మీరు లేకపోతే రాష్ట్రం ఆగిపోతుంది, మర్యాదగా రండి’ అంటారు. స్వచ్ఛందంగా రావడం మానేస్తే అరెస్టు చేయగలిగే సేవ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు. 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. కోర్టుకు కనపడిన ఉద్యోగం ఖజానాకు కనపడటానికి ఇంకెన్ని కళ్లద్దాలు కావాలో.

మా గ్రాంటులో మీ టీచరమ్మకు కూడా వాటా పెట్టాను సుమా. జీతం కాదు. జీతానికి దాతలు ఒప్పుకోరు, అది రోజూ ఆకలేసినట్టే నెలనెలా వచ్చే జబ్బు. సామర్థ్య నిర్మాణం అని పెట్టాను. విశాఖపట్నంలో ఏసీ హాల్లో రెండు రోజులు. ఒక బ్యాగు, ఒక పెన్ను, ఒక సర్టిఫికెట్టు, మధ్యాహ్నం గులాబ్‌జామూన్. చిన్నపిల్లలతో ఎలా మాట్లాడాలో ఆవిడకు నేర్పించడానికి బెంగళూరు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. అతనికింకా పెళ్లి కాలేదు. ఆవిడ ఇరవై ఏళ్లుగా మీ ఊరి పిల్లల ముక్కులు తుడుస్తోంది. అతను చెప్పిందంతా నోట్సు రాసుకుంది, పాపం.

వచ్చే నెల దాతలు చూడటానికి వస్తారు. ఆ రోజు నువ్వు ఎలా ఉండాలో చెబుతాను, బాగా విను. శుభ్రంగా ఉండు, కానీ మరీ శుభ్రంగా వద్దు. బొద్దుగా కనిపించకు, అలాగని భయపెట్టేలా చిక్కి ఉండకు, వచ్చేవాళ్లలో కొందరు భోజనం చేసి వస్తారు. గొంగళ్లూ చీరల కొంగులూ తీసేసి మేమిచ్చిన గౌను వేయిస్తాం, దాని మీద లోగో ఎడమ పక్కన ఉంటుంది, అక్కడ చొంగ కార్చకు. ఫొటోకు పాలగ్లాసు ఇస్తారు. ఫ్లాష్ వెలిగాకే తాగాలి. ముందే తాగేస్తే రెండో గ్లాసుకు బడ్జెట్ లేదు. ఎత్తుకోబోయిన మేడంగారిని చూసి ఏడవకు. ఏడుపొస్తే మీ ఆయమ్మ వైపు తిరుగు, ఆవిడ ఫ్రేములో ఉండదు.

ఒక్క చిక్కు మిగిలింది. ప్రతిపాదన చివర ‘సుస్థిరత’ అని ఒక పెట్టె ఉంటుంది. మూడేళ్లయ్యాక గ్రాంటు ఆగిపోతే ఈ పని ఎవరు నడుపుతారు అని అడుగుతారు. దాత కాదు. ప్రభుత్వం తన వంతు నాలుగు రూపాయలు ఇచ్చేసింది. మీ అమ్మల కమిటీకి రిజిస్ట్రేషను లేదు. టీచరమ్మ ఉద్యోగి కాదు. అందుకని ఎప్పుడూ రాసేదే రాశాను: ‘లబ్ధిదారులే బాధ్యత వహిస్తారు’ అని. మీ కేంద్రంలో లబ్ధిదారుల పట్టికలో మొదటి పేరు నీది.

కాబట్టి, చిట్టితల్లీ, ఆఖరి మార్చి 31 సాయంత్రం నుంచి ఇదంతా నీదే. నీటి యంత్రం ఫిల్టరు వేళకు మార్పించు. టీవీకి కరెంటు తెప్పించు. యాపిల్ రంగు వెలిస్తే మళ్లీ వేయించు. శిలాఫలకం మాత్రం వారానికోసారి తుడవాలి, అది ఒప్పందంలో ఉంది. నీ సమ్మతి కావాలి గనక, బొటనవేలికి సిరా అద్ది ఇక్కడ నొక్కించమని టీచరమ్మతో చెప్పాను. ఆ వేలు నోట్లో పెట్టుకోకు. కాగితం పాడైతే కొత్త ఫారం రావాలి, అది వచ్చే ఆర్థిక సంవత్సరంలోనే.